ఉగాది నుండి మృగశిర దాకా

అర్పా నది ఇసుకగా మిగిలే రోజుల్లో బిలాస్‌పూర్ తెలుగు వంటిల్లు పెరటిని నమ్ముకుంటుంది. ఆ పెరడు ఎంతకాలం నిలుస్తుంది?

ఛత్తీస్‌గఢ్ మైదానంలో వేసవి మెల్లగా అడుగు పెట్టదు. హోళీ పండుగ వెళ్ళిన కొద్ది రోజులకే పడమటి గాలిలో తేమ తగ్గిపోతుంది. మే నెల వచ్చేసరికి బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. నగరం నడుమ పారే అర్పా వర్షాధారమైన నది. అందుచేత ఈ నెలల్లో దాని గర్భంలో నీటికంటె ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. అంగడిలో కూరగాయలు వాడిపోయి ఉంటాయి, వాటి ధర మాత్రం ఎక్కుతూ పోతుంది. ఇటువంటి రోజుల్లో పూటపూటా తాజా కూర వండుకోవాలనుకునే కుటుంబానికి ఇంటి వెనుక ఉన్న కాస్త నేలే పెద్ద దిక్కు.

అర్పాకు ఆవల, సీపత్ వెళ్ళే దారిలో ఉన్న మోప్కా మొన్నమొన్నటి వరకు గ్రామం. 2019లో బిలాస్‌పూర్ నగరపాలక సంస్థ సరిహద్దులను విస్తరించినప్పుడు చుట్టుపక్కల పల్లెలతోబాటు అది కూడా నగరంలో కలిసింది. పొలాలు ఇళ్ళ స్థలాలుగా మారుతున్న ఇటువంటి శివార్లలో ఇంకా కొన్ని గజాల మట్టి మిగిలి ఉంది. ఆ మట్టిలో ఏమి పండించవచ్చు, ఆ పంటతో వేసవి తొలి నెలలను ఎలా దాటవచ్చు అన్న విద్య ఈ ప్రాంతపు తెలుగువారికి రెండు వైపుల నుండి సంక్రమించింది. ఒకటి పుట్టింటి ఉత్తరాంధ్ర, రెండవది మెట్టినింటి ఛత్తీస్‌గఢ్.

రైలు తెచ్చిన విత్తనం

బిలాస్‌పూర్‌కు తెలుగువారిని తెచ్చింది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపే ప్రధాన మార్గాన్ని 1891 నాటికి పూర్తి చేసింది. ఆ మార్గంలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలి. అదే సంస్థ పట్టాలు విజయనగరం, వాల్తేరు వైపుకూ వ్యాపించడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి కార్మికులు, గుమాస్తాలు, డ్రైవర్లు పనికోసం తరలివెళ్ళారు. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయిన తరువాత ప్రయాణం మరింత సులువైంది. 1955లో ఈ మార్గాలు ఆగ్నేయ రైల్వేలో భాగమయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసింది. నేటికీ కోర్బా నుండి విశాఖపట్నం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే పోతుంది.

రైల్వే ఉద్యోగికి క్వార్టరు దొరికేది. పాతకాలపు క్వార్టర్లలో ఇంటితోబాటు కాస్త పెరడు కూడా ఉండేది. కరివేపాకు, మునగ, అరటి, గోంగూర అక్కడ పాతుకున్నాయి. కాని ఆ పెరడు ఉద్యోగం ఉన్నంతకాలమే తమది. పదవీ విరమణ నాడు ఇల్లు ఖాళీ చేయాలి. ముప్ఫై ఏళ్ళు పెంచిన చెట్టును వెంట తీసుకుపోవడం సాధ్యం కాదు. తీసుకుపోగలిగినవి గుప్పెడు విత్తనాలు, ఒక మునగ కొమ్మ, రెండు అరటి పిలకలు మాత్రమే. మునగ విషయంలో ప్రకృతి కరుణించింది. మూడు నాలుగు అడుగుల బలమైన కొమ్మను నరికి, నీరు నిలవని చోట పాతితే వేరు తొడుగుతుంది. స్వంత ఇల్లు కట్టుకున్న చోట పాత క్వార్టరు చెట్టే మళ్ళీ చిగురిస్తుంది.

ఒకే ఆకు, రెండు పేర్లు

కొత్త ఊరిలో పరాయి భాష మధ్య జీవించే గృహిణికి మొదట పరిచయమయ్యేది కూరల అంగడి. అక్కడ తెలుగువారికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. మునగను ఛత్తీస్‌గఢీ భాషలో ‘మునగా’ అనే అంటారు. గోంగూర అక్కడ ‘అమారీ భాజీ’. ఎర్ర తోటకూర ‘లాల్ భాజీ’. కందిపప్పు ‘రాహర్ దాల్’. ఇంటి పెరటికి కూడా ఆ భాషలో చక్కని పేరుంది: ‘బారీ’. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గ్రామాభివృద్ధికి ఎన్నుకున్న నాలుగు మాటల నినాదంలో వాగు, పశువు, ఎరువుగుంతలతోబాటు ఈ బారీకి కూడా స్థానం లభించింది.

ఛత్తీస్‌గఢ్ ఆకుకూరల సీమ. తెలుగు ఇంటికి తెలియని ఆకులు కూడా అక్కడ బోలెడు. వేసవి మొదట్లో అంగడికి వచ్చే ‘బోహార్ భాజీ’ని చూసిన తెలుగువారు అది తమకు తెలిసిన విరిగి చెట్టు చిగురేనని గ్రహించడానికి కొంత కాలం పడుతుంది. తెలుగు పల్లెల్లో ఆ చెట్టు జిగురు కాయలను పిల్లలు కాగితాలు అంటించడానికి వాడేవారు. ఛత్తీస్‌గఢ్ గృహిణి దాని లేత చిగుళ్ళను, మొగ్గలను పులుపు చేర్చి కూర వండుతుంది. చేమాకును మినప్పిండితో చుట్టి, ఆవిరిమీద ఉడికించి, పుల్లని పులుసులో వేసే ‘ఇడహర్’ కూడా అంతే. మజ్జిగ పులుసు, పత్తర్‌వేలి తెలిసిన నాలుకకు అది పరాయి వంటకంగా తోచదు.

ఫాల్గుణంలో విత్తు, చైత్రంలో పంట

వేసవి పెరటికి విత్తే సమయం వేసవి కాదు. శివరాత్రి నాటి చలి సడలగానే, అనగా ఫిబ్రవరి చివరి వారాల్లో, పని మొదలుకావాలి. బెండ, గోరుచిక్కుడు, బీర, ఆనప, దోస, తోటకూర, గోంగూర, బచ్చలి ఎండను తట్టుకునే జాతులు. తోటకూర మూడు నాలుగు వారాలకే కోతకు వస్తుంది. బెండ సుమారు యాభై రోజులకు, బీర రెండు నెలలకు కాపు పడుతుంది. ఈ లెక్కన ఉగాది పచ్చడి కలిపేనాటికి ఆకుకూర, అక్షయ తృతీయ నాటికి బెండ, బీర చేతికి అందుతాయి. టొమాటోను మాత్రం ఈ నెలల్లో నమ్ముకోరాదు. పగటి వేడి 35 డిగ్రీలు మించి పెరిగేకొద్దీ పుప్పొడి శక్తి తగ్గి పూత రాలిపోతుంది.

నేలను బట్టి కూడా పని మారుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలలను నాలుగు పేర్లతో గుర్తిస్తాడు. గులకతో కూడిన ఎర్రని గరప నేల ‘భాటా’, పసుపు ఛాయగల తేలిక నేల ‘మటాసీ’, దానికంటె బరువైనది ‘డోర్సా’, నల్లని బంకనేల ‘కన్హార్’. భాటాలో పోసిన నీరు నిలవదు. అందులో పశువుల ఎరువు, కుళ్ళిన ఆకు దండిగా కలపాలి. కన్హార్ ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దానిపై గడ్డి కప్పడం తప్పనిసరి. వరి పండే ఆ ప్రాంతంలో ‘పైరా’ అని పిలిచే వరిగడ్డి సులభంగా దొరుకుతుంది. మడిపై నాలుగు వేళ్ళ మందాన దానిని పరిస్తే మట్టి చల్లబడుతుంది, నీటి ఆవిరి తగ్గుతుంది, కలుపు అణగుతుంది.

పూత బాగా వచ్చినా పిందె నిలవడం లేదని బీర, ఆనప తీగలను గురించి చాలామంది విచారిస్తారు. ఈ రెండింటి పువ్వులు సాయంకాలం విచ్చుకుంటాయి. ఆ వేళ తిరిగే పురుగులు పట్టణంలో కరువైతే పరాగం చేరదు. దీపాలు పెట్టే వేళకు పెరటిలోకి వెళ్ళి, మగపువ్వును కోసి, కింద చిన్న పిందెగల ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్దితే చాలు. ఒక నిమిషపు పని ఒక కాయను నిలబెడుతుంది.

బిందె లెక్క

పెరటి వేసవి సమస్య అంతా నీటిలోనే ఉంది. దీనికి ఒక సులభమైన లెక్క గుర్తుంచుకోవచ్చు. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు మందాన నీరు పోయడమంటే సరిగ్గా ఒక లీటరు పోయడం. పది చదరపు మీటర్ల మడి రోజుకు అయిదు మిల్లీమీటర్ల తేమ కోల్పోతే యాభై లీటర్లు తిరిగి పోయవలసి ఉంటుంది. గొట్టంతో నడివేళ చిమ్మితే అందులో చాలా భాగం గాలిపాలవుతుంది. సూర్యోదయానికి ముందో, పొద్దు వాలిన తరువాతనో, మొదట్లోనే పోయాలి.

వంటింటి నుండి బయటికి పోయే నీటిని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. బియ్యం కడుగు, పప్పు కడుగు, కూరలు కడిగిన నీరు రోజూ ఒకటి రెండు బిందెలకు తక్కువ కాదు. ఇవి ఆకుకూర మడికి నేరుగా పోయవచ్చు. అంట్లు తోమిన నీటిని, సబ్బు కలిసిన స్నానపు నీటిని ఆకుకూరలకు వాడరాదు. వాటిని కాలువ చివర అరటికి మళ్ళించడం పాత పద్ధతి. తరువాత ఊరగాయలు కలిపిన పాత్రల ఉప్పునీరు ఏ మొక్కకూ పనికిరాదన్నది మరువరాదు.

నీరు మరీ తక్కువైన చోట మట్టికుండ సాయం చేస్తుంది. మెరుగు పెట్టని కుండను మెడవరకు నేలలో పూడ్చి, నీటితో నింపి మూత పెట్టాలి. చుట్టూ తీగజాతి విత్తనాలు నాటాలి. మట్టి ఎండిన కొద్దీ కుండ గోడల నుండి తేమ ఊరుతుంది. చైనాలో రెండువేల ఏళ్ళ క్రిందటి ఫాన్ షెంగ్‌ఝీ వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి వర్ణన ఉంది. తాగునీటి కుండ చెమర్చి చల్లబడటం ఎరిగిన ప్రతి ఇంటికీ ఇందులోని సూత్రం తెలిసినదే.

పులిసిన అన్నం, పండిన అనుభవం

పెరటి నీటిని పొదుపు చేసే ఇల్లే పొయ్యి మంటను కూడా పొదుపు చేస్తుంది. వేసవిలో వంటగది వేడిని తగ్గించడానికి ఉభయ ప్రాంతాలవారూ కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: రాత్రి వండిన అన్నాన్ని నీటిలో నానవేయడం. తెలుగువారి చద్దన్నం ఇది. ఛత్తీస్‌గఢ్‌లో దీనిని ‘బాసీ’ అంటారు. అదేరోజు వండిన అన్నాన్ని నీటిలో వేసి తింటే ‘బోరే’. 2022 మే 1న, కార్మిక దినోత్సవం సందర్భంగా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బోరే బాసీ తినవలసిందిగా ప్రజలకు పిలుపునిచ్చింది. పొలం కూలీల పళ్ళెంలోని అన్నానికి ఆ విధంగా బహిరంగ గౌరవం దక్కింది.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో దీనికి మరొక రూపం ఉండేది. బియ్యం కడుగు, గంజి కుండలో పోసి పులియబెట్టిన తరవాణిలో అన్నం నానవేసేవారు. రాత్రికి రాత్రి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు అన్నానికి మెత్తని పులుపు తెస్తాయి. ఉదయం ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చేర్చుకుంటే చెమటగా పోయిన నీరు, ఉప్పు కొంతైనా తిరిగి శరీరానికి అందుతాయి. చోడి అంబలి చేసే పని కూడా అదే. అయితే ఎండ ముదిరిన రోజుల్లో పులుపు త్వరగా మితిమీరుతుంది. కాచి చల్లార్చిన నీరు వాడటం, ఉదయపు భోజనంలోనే ముగించడం, వాసన మారినదానిని పారవేయడం నియమంగా పెట్టుకోవాలి.

మధ్యాహ్నానికి పెరటి కూరలు. రాహర్ దాల్‌లో పచ్చి మామిడి ముక్కలు వేస్తే మామిడికాయ పప్పు. అమారీ భాజీ వేస్తే గోంగూర పప్పు. ఈ నెలల్లోనే అంగళ్ళకు లేత పనసకాయ వస్తుంది. అరచేతికి నూనె రాసుకుని, చెక్కు తీసి, కత్తితో సన్నగా కొట్టి, పసుపు వేసి ఉడికించి, చింతపండు పులుసు, ఆవ కలిపి పోపు పెడితే పనసపొట్టు కూర సిద్ధం. పెళ్ళి విందులో తప్ప ఆ కూర రుచి చూడని పిల్లలకు అది పుట్టింటి ఊరి పరిచయం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలో, ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినవలసిందిగా సూచించింది. నలుగురున్న ఇంటికి అది రోజుకు కిలోన్నర పైమాటే. చిన్న పెరడు దానినంతటినీ ఇవ్వలేదు. కాని రోజుకొక కట్ట ఆకు, వారానికి రెండు మూడు పూటల బెండ, బీర, అవసరానికి కరివేపాకు, మునగాకు, నిమ్మకాయ ఇస్తే కొనవలసిన బరువు ఎంతో తగ్గుతుంది.

ఎండను భద్రపరచే విద్య

మే నెలలో పెరటి కాపు తగ్గుముఖం పడుతుంది. అప్పుడు గృహిణి దృష్టి మడి నుండి మేడపైకి మారుతుంది. మొక్కను మాడ్చే ఎండే నిలవ సరుకును కాపాడుతుంది. చలికాలం చివర పెట్టిన బూడిదగుమ్మడి వడియాలు ఈపాటికే డబ్బాలో ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ ఇంటిలోని ‘రఖియా బరీ’ కూడా మినప్పిండి, బూడిదగుమ్మడి కలిపి పెట్టిన వడియమే. ఇక వేసవికి మిగిలినవి సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. మిరపకాయలకు నిలువుగా గాటు పెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో రాత్రంతా ఉంచి, పగలు ఎండబెట్టి, మజ్జిగ ఇంకిపోయేదాకా ఈ వరుస సాగించాలి.

అన్నింటికంటె పెద్ద పని ఆవకాయ. నాలుగు గిన్నెల మామిడి ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కొక్క గిన్నె అన్నది చాలా ఇళ్ళలో సాగే కొలత. ఆవాలు పొడిగా ఉన్నంతవరకు ఘాటు తెలియదు. మామిడి తడి తగలగానే వాటిలోని ఎంజైము పనిచేసి ఘాటైన తైలం పుడుతుంది. ఆ తైలం బూజును అణచుతుంది. మామిడి పులుపు, ఉప్పు సూక్ష్మజీవులను అడ్డుకుంటే, పైన తేలిన నూనె గాలిని ఆపుతుంది. ఉత్తరాంధ్రలో ముక్కలను ఎండబెట్టి పెట్టే ఎండావకాయకు బిలాస్‌పూర్ పొడి ఎండ ఎంతో అనుకూలం. స్థానికులు మామిడి ఊరగాయను ఆవనూనెలో పెట్టుకుంటారు. తెలుగువారికి నువ్వులనూనె లేనిదే తృప్తి ఉండదు. ఇరుగుపొరుగుల మధ్య చిన్న గిన్నెలలో జరిగే ఇచ్చిపుచ్చుకోవడాలు ఈ తేడాను తగవుగా కాక రుచిగా నిలుపుతున్నాయి.

పండుగలు కూడా ఇలాగే ఒకే తిథిన కలుస్తాయి. తెలుగువారు చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వేపపువ్వు కలిపిన ఉగాది పచ్చడి తింటారు. అదేరోజు మొదలయ్యే చైత్ర నవరాత్రులకు ఛత్తీస్‌గఢ్‌వారు గోధుమ విత్తనాలు మొలకెత్తించి ‘జవారా’ పెంచుతారు. అక్షయ తృతీయను వారు ‘అక్తీ’ అంటారు. ఆనాడు గ్రామదేవత వద్ద వరివిత్తనం పూజచేసి సాగు ఏడాదిని ప్రారంభిస్తారు. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలో ప్రవేశించిన తరువాతి తొమ్మిది రోజులను ‘నౌతపా’ అని భయపడతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగు సామెత. ఆ రోజుల్లో పెరటికి పాత చీర కట్టి నీడ ఇవ్వడం, ఉన్న మొక్కను బతికించడం తప్ప కొత్తగా ఏమీ నాటరాదు. ఆ తరువాత వచ్చేది మృగశిర. తొలకరి అప్పటికి ఎంతో దూరంలో ఉండదు.

సిమెంటు కింద పోయేదేమిటి?

ఈ చక్రమంతా ఒక్క వస్తువుమీద ఆధారపడి ఉంది. అది కప్పబడని నేల. నగరం శివార్లకు విస్తరించిన కొద్దీ ఇంటి చుట్టూ ఉన్న మట్టిని శుభ్రత కోసమో, వాహనం నిలుపుకోవడం కోసమో సిమెంటుతో కప్పివేయడం ఆనవాయితీ అవుతోంది. దానివల్ల పోయేది నాలుగు కూరమొక్కలే అనుకోవడం పొరబాటు. బిలాస్‌పూర్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఇందాకటి బిందె లెక్క ప్రకారం, వంద చదరపు మీటర్ల ఇంటి కప్పుపై పడే నీరు లక్ష లీటర్లు దాటుతుంది. మట్టి ఉన్న ఇంటిలో అందులో కొంతైనా భూమిలోకి దిగి బావిని, బోరును తడుపుతుంది. సిమెంటు వాకిలి దానిని వీధి కాలువలోకి తరుముతుంది. మరుసటి ఏప్రిల్‌లో అదే ఇల్లు నీటి ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది.

ఆపత్కాలంలో దేశాలు పెరటి విలువను గుర్తించిన సందర్భాలు ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో దాదాపు రెండు కోట్ల ఇంటితోటలు వెలిశాయని అంచనా. 1965లో ఆహారపు కొరత నాడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి తన అధికార నివాసపు పచ్చికను దున్ని పంట వేయించారు. ఆపద తీరగానే అటువంటి తోటలు చాలావరకు మరుగున పడ్డాయి. మోప్కా వంటి చోట మాత్రం ఆపద ఏటా మార్చి నెలలో వచ్చి జూన్ వరకు ఉంటుంది. కనుక పెరడు కూడా ఏటా ఉండవలసిందే.

స్థలం తక్కువైనవారు చేయదగిన పని చాలా చిన్నది. వాకిలి అంతా కప్పినా ఒక పక్క రెండు మీటర్ల పట్టీని మట్టిగా విడిచిపెట్టడం, కప్పు నీటి గొట్టాన్ని గులకరాళ్ళు నింపిన గుంతకు మళ్ళించడం, ఆ గుంత పక్కన ఒక మునగ కొమ్మ పాతడం. ముదిరిన బెండ, బీర కాయలను ఒకటి రెండు కోయకుండా తీగకే ఎండనిచ్చి, గింజలను బూడిద కలిపి సీసాలో దాచడం. రైలెక్కి వచ్చినవారు వెంట తెచ్చుకున్న ఆస్తిలో నాలుగు తరాలు దాటి నిలిచింది ఈ గుప్పెడు గింజలే. మృగశిర వాన కురిసే రోజున వాటిని విత్తడానికి ఇంటి వెనుక మట్టి ఉంటే, ఆ ఇంటి బిడ్డకు అమారీ అన్నా గోంగూర అన్నా ఒకే ఆకు గుర్తుకు వస్తుంది.